మూడు వారాల ప్రకటన

ఆదోని,
10 జూన్ 2025

రూతమ్మకు,

మీ మామ యేసేపు వందనాలు. అక్కకూ చెప్పు.

చెవి మిషను మళ్ళీ ఈల వేస్తున్నది. ఫోను దగ్గర పెట్టుకుంటే నువ్వు మాట్లాడేది తక్కువ, అది పాడేది ఎక్కువ. అందుకని ఉత్తరం. అబ్బాస్ అలీ సాబ్ కూతురు గుల్నాజ్ రోజూ ఇక్కడి నుంచే మీ కాలేజీకే ఉద్యోగానికి బస్సులో వస్తుంది కదా, ఆమె సంచిలో వేసినాను. అయినా ఇది ఫోనులో మాట్లాడే సంగతి కాదు.

పోయిన శుక్రవారం నమాజు చదివించి అబ్బాస్ అలీ సాబ్ నేరుగా మా ఇంటికి వచ్చినాడు, చేతిలో పేపరు మడిచి పట్టుకొని. అడవిలో మళ్ళీ కాల్పులు. చచ్చినవాళ్ళలో ఇటువాళ్ళూ ఉన్నారు, అటువాళ్ళూ ఉన్నారు. కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు: "ఏం యేసేపన్నా, దినామూ ఇది సదివి, టీ తాగి, పండుకోవడమేనా మన పని?" మరునాడు ఇద్దరం కలిసి మఠం స్వామి దగ్గరికి పోయినాము. ఆయనా అదే అనుకుంటున్నాడట.

ఇరవై ఏళ్ళ కింద ఆగిపోయిన మాటలు మళ్ళీ మొదలుపెట్టండని ప్రభుత్వానికీ, అడవిలో ఉన్న అన్నలకూ, ఇద్దరికీ ఒకే విజ్ఞప్తి పంపాలని నిర్ణయించినాము. మాకు బోధించడం వచ్చు, రాయడం రాదు. స్వామి రాసింది పురాణం మాదిరి ఉంది, నాది పాస్టరు ప్రసంగం మాదిరి ఉంది, సాబ్ది సగం ఉర్దూ. చరిత్ర చెప్పేదానివి, నువ్వు ఒక పేజీ రాసి పంపు. ఎవరి కోసం రాయమంటున్నానో నీకు వేరే చెప్పనక్కర లేదు.

మీ మామ,
యేసేపు

*

ఎమ్మిగనూరు,
14 జూన్

మామా,

నీ ఉత్తరాన్ని గుల్నాజ్ స్టాఫ్ రూములో అందరి ముందూ టిఫిన్ డబ్బా కింది నుంచి లాగి, "ఇదో, మీ ముసలాయన లవ్ లెటర్" అని ఇచ్చింది. నవ్వి బ్యాగులో వేసుకున్నాను. చదివాక రెండు క్లాసులు ఏం చెప్పానో నాకే గుర్తు లేదు.

రాశాను. నాలుగుసార్లు చించి రాశాను. దీంతో పెట్టి పంపుతున్నాను. రాస్తున్నంత సేపూ ఒకటే అనుమానం: దీన్ని చదివేదెవరు? అప్పుడూ పెద్దలు ఇలాగే అడిగారు, అడగ్గా అడగ్గా చర్చలూ జరిగాయి. ప్రకాష్ అప్పుడు కర్నూల్లో డిగ్రీ రెండో ఏడు. పేపరు కటింగులు పుస్తకాల అట్టల్లో దాచుకునేవాడు. చర్చలు ఆగిపోయిన జనవరిలో ఇంటికొచ్చి రెండు రోజులున్నాడు. అమ్మ కాల్చిన జొన్నరొట్టెలు మూట కట్టుకుని, కాలేజీకని చెప్పి పోయాడు. అప్పుడు వాడికి ఇరవై. ఇప్పుడు నలభై ఒకటి. నలభై ఒక్క ఏళ్ళ తమ్ముడి ముఖం ఊహించుకోవాలని చూస్తే నాకు మన తాత ముఖం వస్తోంది మామా.

ఇంకొకటి కూడా చెప్పాలి. వాడిని తలుచుకుని కలం పట్టుకుంటే, వాడి చేతిలో తుపాకీ కూడా గుర్తొస్తుంది. దాని ఎదురుగా నిలబడ్డ కానిస్టేబుల్ ఎవరో, అతనికీ ఒక అక్క ఉంటుంది కదా. ఆమె తరఫున కూడా నేను రాయొచ్చా? రాశాను. రాసే హక్కుందో లేదో తెలియదు.

అమ్మ సంగతి నీకు తెలుసు. ఆదివారం గుళ్ళో ఎవరి కోసం ప్రార్థన చేయాలో చెప్పేటప్పుడు లేచి నిలబడి ఇరవై ఏళ్ళుగా ఒకటే మాట అంటుంది: "ప్రయాణంలో ఉన్నోని కోసరం." పేరు చెప్పదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఈమె కొడుకు లారీ డ్రైవరేమో అనుకుంటారు.

రెండు కోరికలు. నా పేరు ఎక్కడా రాకూడదు. అమ్మకు ఈ సంగతి ఇప్పుడే తెలియకూడదు.

రూతు

*

ఆదోని,
21 జూన్

రూతమ్మకు,

ఇక్కడ ముగ్గురమూ క్షేమమే, ముగ్గురికీ మోకాళ్ళ నొప్పులే.

నీ కాగితం బాగున్నది. "గెలిచినవారు కూడా చివరికి ఎవరితోనో ఒకరితో మాట్లాడవలసిందే, ఆ మాట ఇప్పుడే మాట్లాడండి" అన్న చోట స్వామి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సంతకాల దగ్గరే తగవు వచ్చింది. పెద్దవాడు ముందు పెట్టాలన్నారు. నేను పెద్దంటే నేను పెద్దని ఆధార్ కార్డులు బయటికి తీస్తే, అబ్బాస్ అలీకీ నాకూ పుట్టిన తేదీ ఒకటే, జూలై ఒకటి, ఒకే సంవత్సరం. ఆ కాలం అయివార్లు బడిలో చేరిన ప్రతివానికీ అదే తేదీ వేసినారు. చివరికి టీ ఎవరికి ముందొస్తే వారు ముందు అని స్వామి తీర్పు చెప్పి, టీ తనే ముందు అందుకున్నాడు.

నీ పేరు వద్దన్నావు. సరే, గవర్నమెంటు ఉద్యోగం. అయినా నాకు మనసు కష్టమైంది. వాని పేరు ఎత్తకపోవడం అక్క మొదలుపెట్టింది, ఇప్పుడు నీ పేరు కూడా దాస్తున్నావు. వాని అక్కనని చెప్పుకోవడానికి సిగ్గా అమ్మా?

ఈ కాగితం నాలుగు గోడల మధ్య ఉంటే పనికి రాదు. జనం వినాలి. మసీదులో శుక్రవారం, మఠంలో సోమవారం, మన చర్చి గుడుల్లో ఆదివారం చదివిస్తున్నాము. ఒక్కసారి చదివితే చాలదు. సుగ్గి పనులకు వలసపోయినవాళ్ళు వానలకు ఒక్కొక్క ఇల్లూ తిరిగి వస్తున్నారు, ఈ వారం ఉన్నవాళ్ళు పోయిన వారం లేరు. కాబట్టి వరసగా మూడు ఆదివారాలు ప్రకటనలలో చదవమని అన్ని సంఘాలకూ రాసినాను. మీ గుడి అయ్యగారికీ పోయింది.

మీ మామ

*

ఎమ్మిగనూరు,
30 జూన్

మామా,

సిగ్గు కాదు. సిగ్గయితే సులభంగా ఉండేది. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మా గుళ్ళోనూ చదివిస్తావని ముందే చెప్పి ఉంటే ఆ రోజు అమ్మను ఏదో వంకతో ఇంట్లో ఉంచేదాన్ని. అమ్మకు తెలియకూడదని రాశాను కదా.

నిన్న ఏం జరిగిందో విను. మా అయ్యగారు కొత్త, కుర్రాడు. ప్రకటనల్లో ముందు పెళ్ళి ప్రకటన ఉంది. శోభకూ ఈరేషుకూ నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన. అదే ఊపులో నీ కాగితం అందుకుని, అదే గొంతుతో చదివి, చివర నోటి అలవాటున, "దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను, ఇది మొదటి ప్రకటన" అనేశాడు. వెనక కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయనకు ఎందుకు నవ్వారో కూడా తెలియలేదు.

అమ్మ నవ్వలేదు. నా చేతిని గట్టిగా పట్టుకుంది. అందరూ కూర్చున్న బెంచీల వైపు మెడ తిప్పి, ఒక్కొక్క వరసా చూసింది. బయటికొచ్చాక అడిగింది: "ఎవురూ లేసి నిలబడల్యా గదా?" లేదన్నాను. మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఆమె అలా అడిగి పెట్టించుకోవడం ఎన్నేళ్ళయిందో నేను చెప్పలేను.

మా అయ్యగారికి ఒక మాట రాయి మామా, ఆ అభ్యంతరం మాట కలపొద్దని. అసలు రెండో వారం చదవకపోతే ఇంకా మంచిది.

రూతు

*

ఆదోని,
8 జూలై

రూతుకు,

నీ ఉత్తరం చదివి వారం రోజులు జవాబు రాయలేదు, కోపంలో రాయకూడదని. వారానికీ తగ్గలేదు, కాబట్టి రాస్తున్నాను.

చదవకపోతే మంచిదా? అయ్యగారు నోరు జారితే ఎవరో నలుగురు పిల్లలు నవ్వినారని, ఇంత పనినీ ఆపమంటావా? భయమైతే చెప్పు, అర్థం చేసుకుంటాను. భయపడేవాళ్ళు ఆదివారం ఇంట్లో ఉండవచ్చు. అక్కకు మాత్రం ఆ ఒక్క గంట వినే హక్కు ఉంది. నేను ఎవరికీ ఏమీ రాయను.

కర్నూలుకు పోయి కలెక్టరాఫీసులో కాగితం ఇచ్చి వచ్చినాము. పొద్దున పదికి పోతే మూడు వరకూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాము. స్వామికి బెంచీ అలవాటు లేదు, అయినా కూర్చున్నాడు. మూడు దాటినాక అన్నాడు: "మాట్లాడుకోండి అని సెప్పనీకి వస్తిమి. మనతోనే ఎవురూ మాట్లాడకపాయె." సాబ్ ఎంత నవ్వినాడంటే జవాను వచ్చి గదమాయించినాడు. చివరికి ఒక గుమాస్తా తీసుకొని, ముద్ర వేసి, నంబరు వేసిన చీటీ ఇచ్చినాడు. మర్యాదగానే ఇచ్చినాడు.

అన్నలకు పంపవలసిన ప్రతి నా దగ్గరే ఉంది. కవరు మీద పేరు రాసి, కింద ఏం రాయాలో తెలియక ఆగిపోయినాను. అడవికి పిన్ కోడ్ ఉండదు కదా. పేపరువాళ్ళకు ఇచ్చినాము. లోపలి పేజీలో నాలుగు వరసలు వేసినారు, మీ మామ పేరు తప్పు పడింది.

యేసేపు

*

ఎమ్మిగనూరు,
17 జూలై

మామా,

నీకు కోపం తగ్గి ఉంటుంది. ఇప్పుడు నా వంతు.

మొన్న ఆదివారం మూడో ప్రకటన అయింది. ఇంటికొచ్చి అమ్మ లోపలి గదిలో బియ్యం డ్రమ్ములు తనే దొర్లించి పక్కకు పెట్టింది. ఎందుకమ్మా అంటే, "మడిసి పండుకునేంత జాగా కావాల గదా" అంది. సోమవారం మగ్గాల వీధికి పోయి రెండు పెద్ద తువ్వాళ్ళు కొని తెచ్చింది. నా తువ్వాలు వాడికి చాలదట.

మంగళవారం నేను కాలేజీలో ఉండగా స్టేషనుకు వెళ్ళింది. ఒక్కతే, నడిచి. మీవాళ్ళను ఎవరినైనా పంపించండని ఇన్‌స్పెక్టరే నాకు ఫోను చేశాడు. వెళ్ళేసరికి బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. ఇరవై ఏళ్ళు ఎవరికీ చూపించని ప్రకాష్ కాలేజీ ఫోటో వాళ్ళ బల్ల మీద ఉంది. వాళ్ళతో ఆమె అన్న మాటలు ఇన్‌స్పెక్టరు నాకు అలాగే చెప్పాడు. "మావోడు వస్తాండాడు సారూ. మాటలు ఖాయమైనాయి, గుళ్ళో మూడు వారాలు సదివినారు, ఎవురూ అడ్డం రాలే. ఈ మొగం సూసుకోండి. దావలో ఉన్న మీవోళ్ళందరికీ సెప్పి పెట్టండి, వీని మీద తుపాకి ఎత్తొద్దని."

మూడు ఆదివారాలు చదివి ఎవరూ లేవకపోతే అది ఖాయమైనట్టే. అమ్మకు తెలిసిన లోకంలో గుళ్ళో అలా చదివింది జరగకుండా ఆగడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె పెళ్ళీ, నీ పెళ్ళీ అలాగే ఖాయమయ్యాయి. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

నిన్ను పడతాను. ఆ అభ్యంతరం మాట తీసేయమని మొదటి వారమే రాశాను. భయపడేవాళ్ళను ఇంట్లో ఉండమన్నావు. ఇదిగో, అమ్మ ఇంట్లో ఉండలేదు.

ఫోటో జిరాక్స్ తీసుకుని ఇస్తామన్నారు. ఇంకా ఇవ్వలేదు.

రూతు

*

ఆదోని,
21 జూలై

అమ్మా రూతూ,

నీ ఉత్తరం గుల్నాజ్ చేతికిచ్చి చదివించుకున్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి, అయినా సగానికి వచ్చి ఆగిపోయినాను.

నలభై ఏళ్ళు పెళ్ళి ప్రకటనలు చదివినవాణ్ణి. మూడు వారాలు అని రాసేటప్పుడు నాకు తట్టలేదు. వలసవాళ్ళకు అందాలన్న లెక్కే చూసుకున్నాను. అక్క అట్లా వింటుందని తట్టలేదు. నువ్వు రాసినది కూడా నీ భయమనే చదివినాను. నా తప్పే.

పోలీసులకు ఫోటో పోయిందంటే ఏమవుతుందని సాబ్‌ను అడిగినాను. ఆయన గడ్డం నిమురుకొని, "ఏమీ కాకపోవచ్చు అన్నా" అన్నాడు. ఇంకోటి కూడా అనబోయి ఆగినాడు.

విజ్ఞప్తికి జవాబు రాలేదు. నంబరు చెప్పి అడిగితే పైకి పోయిందన్నారు. పై నుంచి ఎక్కడికని అడగడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు. రెండోసారి పోదామని స్వామి అంటున్నాడు. పోతాము. ఇంతకన్నా చేతనైనది ఏమీ కనబడటం లేదు.

మాటలు ఖాయం కాలేదని, అది మేము ముగ్గురు ముసలివాళ్ళం అడిగిన మాట మాత్రమేనని, అక్కకు చెప్పినావా? నువ్వు చెప్పలేకపోతే నేను వచ్చి చెబుతాను. బస్సులో గంట ప్రయాణం. కానీ ఏ మాటతో మొదలుపెట్టాలో నువ్వు రాసి పంపు. ఆ కాగితం రాసిచ్చినట్టు ఇదీ రాసివ్వు.

మామ

*

ఎమ్మిగనూరు,
12 ఆగస్టు

మామా,

గుల్నాజ్ నోటితో నీకు నిన్ననే తెలిసి ఉంటుంది. అయినా నేను రాయాలి.

నిన్న పొద్దున స్టేషను నుంచి ఇద్దరు వచ్చారు. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చారు, అప్పుడే నాకు అర్థమైంది. ఒకరి ఫోనులో ఒక బొమ్మ ఉంది. పక్క రాష్ట్రం అడవిలో కాల్పులు, తొమ్మిది రోజుల కిందట. నేను చూశాను. నాకు తెలియలేదు. తాత ముఖం కూడా కాదు. గడ్డం, బురద. ఎవరో అనుకున్నాను, ఒక్క క్షణం బతికిపోయాననుకున్నాను. అమ్మ ఫోను తీసుకుని ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టింది. చిన్నప్పుడు జొన్నచేలో కొడవలి తగిలిన గాటు. దాన్ని వేలితో తుడవబోతే బొమ్మ పెద్దదైంది. చాలాసేపు చూసి, "మీద ఒక గుడ్డన్నా కప్పలేదే" అంది. తువ్వాళ్ళు ఆమె వెనక దండెం మీదే ఉన్నాయి.

శవం కోసం ఎవరూ రాలేదని అక్కడే అన్నీ పూర్తి చేశారట.

ఆ పెద్దాయన ఫోటో తిరిగి ఇచ్చాడు. ఇది మీ అమ్మగారు ఇచ్చారు కాబట్టి ఎవరో తెలిసింది, లేకపోతే మీకు కబురు కూడా వచ్చేది కాదు అన్నాడు. దయతోనే అన్నాడు. నేను అప్పటి నుంచి ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. చచ్చాక పోల్చడానికే పనికొచ్చిందా ఆ ఫోటో, లేక అంతకు ముందే ఎవరికైనా పనికొచ్చిందా? ఇరవై ఏళ్ళ కిందటి కుర్రవాడి ముఖంతో ఈ మనిషిని ఎవరు వెతకగలరని ఒకసారి అనిపిస్తుంది. ఇంకోసారి అలా అనిపించదు. ఇది నాకు ఎప్పటికీ తెలియదు మామా. అడిగినా చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా నేను నమ్మను.

నీ తప్పు అని రాశావు. నేనూ నిన్నే తప్పు పట్టాను. ఒకటి దాచి పట్టాను. రెండో ఆదివారమే నాకు తెలుసు. గుడి మెట్లు దిగుతూ అమ్మ, "రెండుసార్లయ. ఇంగొక్కసారి" అంది. అప్పుడే అర్థమైంది ఆమె దేన్ని లెక్కపెడుతోందో. చెప్పొచ్చు. ఇంటి దాకా నడిచినంత సేపూ చెప్పొచ్చు. ఆమె ఆ రోజు పాట పాడుతూ నడిచింది. ఇంకో వారం పాడనీ అనుకున్నాను. మూడో ఆదివారం అయ్యగారు అభ్యంతరం ఉందా అని అడిగి ఆగినప్పుడు, ఆ గుళ్ళో లేచి నిలబడాల్సిన మనిషి నేనొక్కదాన్నే. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పేరు వద్దన్నది సిగ్గుతో కాదు అని రాసి, తర్వాత చెబుతానన్నాను. కారణం ఇదే. నాకు ఏ మాట మీదా పూర్తిగా నమ్మకం నిలవదు. అవును అనడానికీ కాదు అనడానికీ లేవలేను.

ఇక అమ్మ మాట. పొద్దున్నే మా అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, గుళ్ళో చావు ప్రకటన మాత్రం కుదరదన్నాడు. ఆయన వైపు కూడా నాకు కోపం లేదు, చిన్నవాడు, భయం. ఆయన పోయాక అమ్మ నన్ను పిలిచి నీకు రాయమంది. ఆమె మాటలే రాస్తున్నాను.

"పెండ్లికి మూడు వారాలు సదువుతారు, సావుకు ఒక్కతూరే సదువుతారు. అట్లెందుకు? నా కొడుకుది గూడా మూడు వారాలు సదవమను యేసేపును. పేరు పెట్టి సదవమను. ఇట్ల కాకూడదని అడ్డం సెప్పేటోడు యాడన్నా ఉంటే లేసి సెప్పనీ."

అలా ఎక్కడా లేదమ్మా అన్నాను. "ఆ సదివిన మాటలు మాత్రం ఉన్యాయా?" అంది.

నువ్వేం చేస్తావో నాకు తెలియదు. ఆమె అడిగింది, నేను రాశాను.

రూతు

*

పెద్దకడుబూరు,
17 ఆగస్టు, ఆదివారం

అమ్మా రూతూ,

ఆరాధన ముగిసి జనం పోయినారు. నేను ఆదివారాలు వాక్యం చెప్పే ఈ పల్లె గుళ్ళోనే కూర్చొని రాస్తున్నాను.

వానలు పడినాయి కదా, వలసవాళ్ళంతా వచ్చేసినారు. బెంచీలు చాలక ఆడవాళ్ళు కింద చాపల మీద కూర్చున్నారు. ఇట్లాంటిది చదవడానికి నాకు అధికారం లేదు. పై వాళ్ళకు తెలిస్తే అడుగుతారు. అడగనీ.

ఇట్లా చదివినాను: "ఎమ్మిగనూరు తిమ్మక్క కుమారుడు ప్రకాష్, నలభై ఒక్క సంవత్సరాలు, చనిపోయినాడు. దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

చదివి ఆగినాను. పెండ్లికి ఆగేదానికన్నా ఎక్కువ సేపే ఆగినాను. చెవి మిషను ఈల వేస్తుంటే తీసి జేబులో పెట్టుకున్నాను. తీసినాక ఏమీ వినపడలేదు. ఎవరైనా ఏమన్నా అని, నాకే వినపడలేదేమోనని భయం వేసింది.

అబ్బాస్ అలీ సాబ్ నాతో వచ్చినాడు. టోపీ పెట్టుకొని వెనక తలుపు దగ్గర నిలబడినాడు, ఎంత చెప్పినా కూర్చోలేదు. అందరూ పోయినాక ఆయన్ను అడిగినాను, ఎవరైనా లేచినారా అని. దగ్గరికి వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినాడు.

"ఎవురూ లేయలేదన్నా."

అక్కకు చెప్పు. ఇరవై నాలుగున మళ్ళీ చదువుతాను.

యేసేపు